మిలిటరీ తాత జాడ తీయడం ఎలా

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పాత తరాల గురించి కాస్త తరచి అడిగితే పట్టాళానికి వెళ్ళిన చిన్నతాతో, ముత్తాత తమ్ముడో ఒకరు తేలతారు. ఏ యుద్ధం, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం నలుగురు నాలుగు చెబుతారు. "బర్మాలో పోయాడు" అని ఒకరు, "కాదు, ఓడలోనే జ్వరం వచ్చి పోయాడు" అని ఇంకొకరు. అస్థికలు వచ్చాయా, సమాధి ఎక్కడైనా ఉందా అంటే ఎవరికీ తెలియదు.

ఇది తేల్చుకోవడానికి మిలిటరీలో తెలిసినవాళ్ళు ఉండక్కర్లేదు, డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. కావలసింది వరస తప్పకుండా వెతకడం. చాలామంది తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఇంటర్నెట్‌లో కొట్టి, ఏమీ రాకపోయేసరికి వదిలేస్తారు. మన సిపాయిల విషయంలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఆ పేరే. నంబరు, ఊరు, చనిపోయిన కాలం, ఈ మూడూ పట్టుకుంటే పేరు దానంతట అదే దొరుకుతుంది.

ముందు ఇల్లు వెతకండి

ఊళ్ళో ఉన్న పాత ట్రంకు పెట్టె నుంచి మొదలుపెట్టండి. మొదట చూడాల్సింది పతకాలు. మొదటి ప్రపంచ యుద్ధం పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, యూనిట్ చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాలను పేర్లు లేకుండానే పంచారు గానీ, భారత సైనికులవాటి మీద సాధారణంగా నంబరూ పేరూ ఉంటాయి. గుండ్రటివైతే అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉన్నవైతే వెనకవైపు చూడండి. భూతద్దం పెట్టి, టార్చి లైటు పక్కనుంచి వేసి చదవండి. మెరుపు కోసం చింతపండు పెట్టి తోమే పని మాత్రం పెట్టుకోవద్దు. అసలే అరిగిన అక్షరాలు, ఇంకాస్త అరిగితే మీ పరిశోధన అక్కడితో సరి.

పతకం పేరు చూస్తే ఎక్కడ పనిచేశారో కూడా తెలుస్తుంది. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ ఏ రంగానివో చెప్పక్కర్లేదు. సమర్ సేవా స్టార్ 1965 యుద్ధానిది. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ 1971వి.

పతకాలు లేకపోతే డిశ్చార్జి పుస్తకం, పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, పాత ఉత్తరాల కవర్లు వెతకండి. యుద్ధకాలపు ఉత్తరాల మీద సెన్సారు వల్ల ఊరి పేరు ఉండదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ ఉంటాయి. ఏ నంబరు ఏ కాలంలో ఎక్కడ ఉండేదో తపాలా ముద్రలు సేకరించేవాళ్ళు జాబితాలు కట్టి పెట్టారు. కాబట్టి ఉత్తరం చిరిగిపోయినా కవరు పారేయకండి. ఫొటో ఉంటే టోపీ మీది బిళ్ళ, భుజం మీది అక్షరాలు పెద్దవి చేసి చూడండి. మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలో ఏనుగు ఉంటుంది. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే అదీ ఒక ఊరి ఆచూకీయే.

చాలామంది మర్చిపోయే చోటు ఇంకొకటుంది, భూమి కాగితాలు. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూమి మీ కుటుంబంలో ఉంటే, ఆ పట్టా కోసం అప్పట్లో పెట్టిన దరఖాస్తులో సర్వీసు వివరాలు రాసి ఉంటారు. తహసీల్దారు ఆఫీసులో ఆ ఫైలు నకలు అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగేటప్పుడు "ఏ రెజిమెంటు?" అంటే లాభం లేదు. "డబ్బు ఎక్కడినుంచి వచ్చేది? పింఛను కోసం నాయనమ్మ ఏ ఊరు వెళ్ళేది? చావు కబురు కాగితంగా వచ్చిందా, మనిషి వచ్చి చెప్పాడా? ఏ పంట కోతలప్పుడు?" ఇలా అడగండి. మేనత్తలకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

ఒక జాగ్రత్త. "రంగం (రంగూన్) వెళ్ళి తిరిగి రాలేదు" అన్నంతమాత్రాన ఆయన సిపాయి అనుకోకండి. యుద్ధానికి ముందు విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలిపనికి రంగూన్ వెళ్ళారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు అడవుల్లో పడి నడుస్తూ ఎందరో దారిలోనే పోయారు. వాళ్ళ పేర్లు సైనిక జాబితాల్లో ఉండవు. నంబరు గానీ, పతకం గానీ, పింఛను గానీ ఏదో ఒకటి కనబడేదాకా ఈ అనుమానాన్ని పక్కన పెట్టకండి.

ఏ తలుపు తట్టాలో కాలం చెబుతుంది

1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 మధ్య గానీ, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్య గానీ సర్వీసులో ఉండగా చనిపోతే, ఆయన పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు, పేర్ల జాబితాలు చూసుకునే సంస్థ) దగ్గర ఉండాలి. తుపాకీ గుండు తగిలే పోనక్కర్లేదు. మలేరియాతో పోయినా, లారీ బోల్తాపడి పోయినా లెక్కే. వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, ఊడ్చినవాళ్ళు కూడా ఆ జాబితాల్లో ఉన్నారు.

స్వాతంత్ర్యం తర్వాత జరిగిన పోరాటాల్లో, అంటే 1947–48 కశ్మీరు, 1962, 1965, 1971, శ్రీలంక, కార్గిల్, ఇలాంటివాటిలో పోయినవారైతే ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైటులో వెతకాలి. అక్కడి త్యాగ చక్రం గోడల మీద ఒక్కొక్కరి పేరూ రాతి ఇటుక మీద చెక్కారు.

యుద్ధం చేసి ఇంటికొచ్చి ముసలితనంలో పోయినవారు ఈ రెండిట్లోనూ ఉండరు. వాళ్ళ దారి వేరు, కింద చెబుతాను.

మీ వాళ్ళది తెలంగాణ అయితే ఇంకో చీలిక ఉంది. నిజాం సొంత సేనలో పనిచేసి ఉండొచ్చు. ఆ కాగితాలు చెన్నైలో వెతికితే దొరకవు, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి.

కమిషన్ జాబితాలో వెతకడం

వాళ్ళ వెబ్‌సైటులో యుద్ధ మృతుల పేర్లన్నీ ఉచితంగా వెతకొచ్చు. మొత్తం 17 లక్షల మంది. తెలుగు మనిషిని అందులో పట్టుకోవడానికి కొన్ని కిటుకులు కావాలి.

ఇంటిపేరు వదిలేయండి. సిపాయిలను చేర్చుకునేటప్పుడు ఎక్కువగా ఒక్క పేరే రాసుకున్నారు, ఆ ఒక్క పేరే జాబితాలో ఇంటిపేరు గడిలో కూర్చుంది. కాబట్టి అప్పలస్వామి అన్న పేరును ఇంటిపేరు గడిలో రాసి, మొదటి పేరు గడి ఖాళీగా ఉంచండి. దేశం దగ్గర భారత సేనలు ఎంచుకోండి, ఏ యుద్ధమో ఎంచుకోండి.

ఇక వర్ణక్రమం. మన పేర్లను గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. స్వామి చివర ఐ ఉండొచ్చు, వై ఉండొచ్చు, స్వామి కాస్తా సామి కావొచ్చు. వెంకట మొదట వి బదులు డబ్ల్యు ఉండొచ్చు. ఒత్తులు, హెచ్ అక్షరాలు ఇష్టమొచ్చినట్టు వచ్చిపోతాయి. రాములు రాములూ కావొచ్చు, రామలూ కావొచ్చు. అందుకే పేరంతా రాయకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికి, వచ్చిన జాబితాను కిందిదాకా చదవడం మేలు.

వందల్లో వస్తాయి, నిజమే. వాటిని ఊరితో వడపోయాలి. రెండో యుద్ధంలో పోయిన చాలామంది పేరు పక్కన అదనపు వివరాల కింద తండ్రి పేరు, ఒక్కోసారి తల్లి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. "ఫలానా వెంకన్న, లక్ష్మమ్మల కొడుకు, ఫలానా ఊరు" అన్న తరహాలో. ఆ గడిలో ఊరి పేరుతోనో జిల్లా పేరుతోనో కూడా వెతకొచ్చు. నా మటుకు నేను ఎవరైనా సాయం అడిగితే ముందు జిల్లా పేరే కొట్టిస్తాను.

అయితే జిల్లా అంటే అప్పటి జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి. ఒంగోలు పక్క ఊరి సిపాయి గుంటూరు జిల్లావాడిగా ఉంటాడు, బొబ్బిలి సిపాయి విశాఖపట్నం జిల్లావాడిగా ఉంటాడు. ఆ విశాఖపట్నం కూడా పాత ఇంగ్లీషు వర్ణక్రమంలో, వైజాగపటం అని పలికేలా రాసి ఉంటుంది. కాకినాడకు కోకనాడ, మచిలీపట్నానికి మసూలిపటం, ఏలూరుకు ఎల్లోర్, కృష్ణకు కిస్ట్నా అని పెట్టి వెతకండి. కడప సి అక్షరంతో, రెండు డీలతో ఉంటుంది. కొత్తగా ఏర్పడ్డ జిల్లాల పేర్లను నమ్ముకోవద్దు.

యూనిట్ పేరు చూసి తికమక పడొద్దు. మద్రాస్ సాపర్లు (వంతెనలు, రోడ్లు కట్టే సైనిక ఇంజనీర్లు) రెండో యుద్ధం జాబితాలో తరచు ఇండియన్ ఇంజనీర్స్ కిందే కనిపిస్తారు. తెలుగువాళ్ళు పదాతి దళంలోకన్నా పయనీర్ కోర్ (కూలిపనుల దళం), సర్వీస్ కోర్ (సరుకుల రవాణా దళం), ఇంజనీర్లు, వైద్య దళం వంటి చోట్ల ఎక్కువగా తగులుతారు. పాత మద్రాసు పదాతి దళాలను 1920ల్లో రద్దు చేసి, మద్రాస్ రెజిమెంట్‌ను మళ్ళీ రెండో యుద్ధకాలంలోనే నిలబెట్టారు. "తాత మద్రాస్ రెజిమెంటే" అని ఇంట్లో అన్నా ఇవన్నీ చూడండి.

ఈయనే అని రూఢి చేసుకోవడానికి తండ్రి పేరు, ఊరు, చనిపోయిన నెల, ఈ మూడింట్లో రెండైనా కలవాలి. పేరొక్కటే కలిస్తే చాలదు. అప్పటి గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలు ఎంతమందో మీకు తెలియనిదా!

సమాధి బదులు పేరు దొరికితే

చాలా కుటుంబాలు నిరాశపడేది ఇక్కడే. హిందువులను, సిక్కులను వీలైన చోటల్లా దహనం చేశారు. కాబట్టి వాళ్ళకు సమాధి రాయి ఉండదు, దహన స్మారకం మీద పేరు ఉంటుంది. కోహిమా, ఇంఫాల్‌లలో ఇలాంటి స్మారకాలున్నాయి, మయన్మార్‌లోని తౌక్యాన్‌లో ఉంది, సింగపూర్ క్రాంజీలో ఉంది. దేహమే దొరకనివారి పేర్లు పెద్ద స్మారకాల మీద ఉంటాయి. తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లు, క్రాంజీలోని సింగపూర్ స్మారకం మీద 24,000కు పైగా పేర్లున్నాయి. దేశంలోనే, అంటే ఆసుపత్రిలోనో శిక్షణ శిబిరంలోనో పోయిన 25,000 మందికి పైగా ఢిల్లీ–కరాచీ స్మారకాల కింద నమోదయ్యారు.

ఫలితం పేజీలో స్మారకం పేరు పక్కన ముఖం, నిలువు వరస వంటి సంఖ్యలుంటాయి. అవి రాసుకుంటే అక్కడికి వెళ్ళినవాళ్ళు పేరు వెతుక్కోవడం తేలిక. అదే పేజీ కింద పాత దస్తావేజుల స్కానులు ఉంటే అన్నీ దించుకోండి. సమాధిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి ఉంటే మొదట ఎక్కడ పూడ్చారో ఆ కాగితాల్లో ఉంటుంది.

మొదటి యుద్ధం సంగతి ఇంకా చేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారత అధికారుల పేర్లు చెక్కారు గానీ, మామూలు సిపాయిలను రెజిమెంటువారీగా సంఖ్యలు వేసి వదిలేశారు. ఇలాంటి వివక్ష జరిగిందని కమిషనే 2021లో నివేదిక వేసి క్షమాపణ చెప్పింది. మీ ముత్తాత మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్‌లో) పోయుంటే, వివరాలు తక్కువగా దొరికినందుకు మీ వెతుకులాటను తప్పుపట్టుకోకండి.

ఊళ్ళో రచ్చబండ దగ్గరో, పాత బడి గోడకో చలవరాతి పలక ఉందేమో కూడా చూడండి. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని రాసి ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా ఊళ్ళలో పెట్టారు. పేర్లుండవు గానీ ఊళ్ళో అడగడానికి అదొక ఊతం.

నందంబాక్కం వెళ్ళేటప్పుడు

మద్రాస్ వార్ సిమెట్రీ, అంటే యుద్ధ శ్మశానం, చెన్నై నందంబాక్కంలో మౌంట్–పూనమల్లి రోడ్డు మీద ఉంది. ఆలందూరు మెట్రోలో దిగి ఆటో ఎక్కితే దగ్గరే. దక్షిణ, తూర్పు భారతంలో చిన్నచిన్న కంటోన్మెంటు శ్మశానాల్లో ఆలనాపాలనా ఉండదనిపించిన రెండో యుద్ధం సమాధులను ఒకచోట చేర్చడానికి 1952లో దీన్ని ఏర్పరిచారు. 850కి పైగా సమాధులున్నాయి. ఇక్కడున్నవారంతా మద్రాసులో పోయినవారు కారు. వెనకవైపు 1914–18 మద్రాసు యుద్ధ స్మారకం ఉంది, దేశంలో వేరేచోట్ల పూడ్చిన వెయ్యిమందికి పైగా పేర్లు దాని మీద ఉన్నాయి.

మీ తాతగారు క్రైస్తవులైతే ఇక్కడ సమాధే దొరికే అవకాశం ఉంది. ప్లాటు, వరస, సమాధి సంఖ్య ముందే వెబ్‌సైటులో చూసి రాసుకుని వెళ్ళండి. పొద్దున్నే వెళితే ఏటవాలు ఎండలో అక్షరాలు ఫొటోలో బాగా పడతాయి. పసుపు, కుంకుమ, నూనె రాయి మీద వేయకండి, మరకలు పోవు. పూలదండ పెట్టుకోవచ్చు. మద్రాసు నగరంలోని మిగతా పాత శ్మశానాల్లోనూ, ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గరి సెయింట్ మేరీస్ లాంటివాటిలో, కొన్ని యుద్ధ సమాధులున్నాయి. వెబ్‌సైటులో ఏ శ్మశానం పేరు వస్తే అక్కడికే వెళ్ళండి, ఊరికే అన్నీ తిరగొద్దు.

రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం

కమిషన్ జాబితా చావు సంగతే చెబుతుంది. ఎప్పుడు చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు, వారసులుగా ఎవరి పేరు రాయించారు అన్నవి సైనిక రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. ఒక్కో దళానికి ఒక్కో ఆఫీసు. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కు, పయనీర్ కోర్‌కు, దక్షిణ సర్వీస్ కోర్‌కు బెంగళూరు. యంత్రాల మరమ్మతు దళమైన ఈఎంఈకి, ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్ దళానికి సికింద్రాబాదు. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్డు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వైద్య దళానికి లక్నో. దళం తెలియకుండా ఎవరికి రాసినా తిరిగొస్తుంది, నంబరు లేకుండా రాసినా అంతే.

రాసేముందు ఒక సంగతి తెలుసుకోండి. పింఛను లేకుండా బయటికొచ్చినవారి సర్వీసు కాగితాలను సాధారణంగా 25 ఏళ్ళకు నాశనం చేస్తారు, లాంగ్ రోల్ అనే రిజిస్టరు మాత్రం శాశ్వతంగా ఉంచుతారు. "మా తాతగారి ఫైలు పంపండి" అని రాస్తే "నాశనమైంది" అని ఒక్క ముక్కలో జవాబొచ్చి కథ ముగుస్తుంది. "లాంగ్ రోల్‌లో ఆయన పేరున ఉన్న నమోదు నకలు ఇవ్వండి" అని రాయండి. ఈ ఒక్క మాట తేడాతో రెండోసారి రాసి జవాబు తెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఉత్తరంలో నంబరు, హోదా, సైన్యంలో రాసిన పేరు, తండ్రి పేరు, అప్పటి తాలూకా, జిల్లా, చేరిన, వదిలిన సంవత్సరాలు రాయండి. ఆయనతో మీ చుట్టరికం రాసి, దానికి రుజువుగా కుటుంబ ధ్రువపత్రమో వారసత్వ పత్రమో జత చేయండి. అడిగేది నాలుగైదు ప్రశ్నలకు మించొద్దు. ఇంగ్లీషులోనో హిందీలోనో రాయండి, తెలుగు ఉత్తరం బల్లల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల గడువుంది.

బెంగళూరులో బంధువులుంటే అక్కడ అలసూరు చెరువు వైపు మద్రాస్ సాపర్ల కేంద్రం ఉంది, వాళ్ళకో మ్యూజియం కూడా ఉంది. లోపలికి ముందుగా అనుమతి కావాలి. బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట మద్రాస్ పయనీర్ల స్మారక స్తంభం ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అటు వెళ్ళినప్పుడు ఆగి చూడండి.

మధ్యలోని సంవత్సరాలు

యూనిట్, తేదీ దొరికాక ఆ రోజుల్లో ఆ యూనిట్ ఎక్కడుందో యుద్ధ దినచర్యల్లో, అంటే యూనిట్లు ఏరోజుకారోజు రాసిపెట్టిన డైరీల్లో, చూడొచ్చు. ఇవి లండన్ దగ్గర క్యూలోని బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కేటలాగులో మొదటి యుద్ధానివి డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్) 95, రెండో యుద్ధంలో బర్మా వైపువి 172, మధ్యప్రాచ్యానివి 169, ఇటలీవి 170 వరసల్లో ఉంటాయి. కేటలాగు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. సిపాయి పేరు వాటిలో సాధారణంగా ఉండదు. ఫలానా తేదీన ఏ నది మీద వంతెన కట్టారో, ఎంతమంది జ్వరాలతో పడ్డారో ఉంటుంది.

ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ కాగితాలు అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో కొంతవరకు దొరుకుతాయి. తాత సింగపూర్‌లో పట్టుబడి తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారని ఇంట్లో అనుకుంటే ముందు అక్కడే వెతకండి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ప్రెసిడెన్సీ జీవోలున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల పాలన ఇక్కడినుంచే కదా. సైనిక భూముల మంజూరు, రిక్రూటింగు వ్యవహారాలు వాటిలో దొరుకుతాయి. ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

ఓపికతో పనిలేకుండా మనసు పట్టేది పాత పత్రికలు. మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రపత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసి పెట్టింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ వారం సంచికలు చదివితే పట్టాళంలో కొడుకున్న ఇల్లు ఎలా ఉండి ఉంటుందో మీకే తెలుస్తుంది.

ఇంటికొచ్చి పోయినవారు

వీళ్ళకు పింఛను కాగితమే దారి. దాని మీద రికార్డ్ ఆఫీసు పేరుంటుంది. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, మాజీ సైనికులుగా నమోదైనవారి వివరాలు వాళ్ళ దగ్గరుంటాయి. మరణ నమోదు నకలు చెన్నైలో అయితే కార్పొరేషన్‌లో దొరుకుతుంది. క్రైస్తవులైతే ఆ ఊరి చర్చిలో ఖనన రిజిస్టరు చూపించమని ఫాదరుగారినో పాస్టరుగారినో అడగండి. చనిపోయిన సంవత్సరం చెప్పగలిగితే అరగంట పని. ఎన్నో చోట్ల పాత సమాధి మీదే కొత్తగా ఇంకొకరిని పూడ్చి ఉంటారు కాబట్టి రాయి కనబడకపోయినా రిజిస్టరులో పేరుంటే దాన్నే రుజువుగా తీసుకోండి.

జాబితాలో లేకపోతే, తప్పు ఉంటే

ఆ కాలపరిమితిలోనే పోయినట్టు మీ దగ్గర కాగితం ఉండి, కమిషన్ జాబితాలో పేరు లేకపోతే, చేర్చమని మీరే అడగొచ్చు. సర్వీసు నుంచి వచ్చేసిన తర్వాత పోయినా, అది సర్వీసులో తగిలిన జబ్బు వల్లే అని నిరూపిస్తే, ఆ గడువులోపు మరణాలను పరిగణిస్తారు. తండ్రి పేరు, ఊరు తప్పుగా పడితే దిద్దమనీ అడగొచ్చు. మరణ ధ్రువీకరణ, డిశ్చార్జి కాగితం లేదా లాంగ్ రోల్ నకలు, ఇంటికొచ్చిన చావు కబురు కాగితం, వీటిలో ఉన్నవన్నీ స్కాను చేసి వెబ్‌సైటు ద్వారా పంపండి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం జత చేయండి. అసలు కాగితాలు మాత్రం ఎవరికీ పోస్టులో పంపకండి.